జబ్బు నుంచి లేచాక మళ్లీ కువైట్ పోవాలంటే సాయం ఎవరిని, దేనికని అడగాలి

అమ్మా, మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, మిగతా చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీది పలమనేరు దగ్గర పల్లె. మీ ఆయనకు 38 ఏళ్లు, తొమ్మిదో తరగతితో చదువు ఆపేశారు, కువైట్‌లో ఎనిమిదేళ్లు ఒకే కఫీలు (వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని) దగ్గర ఇంటి డ్రైవరుగా చేశారు. సెలవుకు వచ్చినప్పుడు ఊపిరితిత్తుల టీబీ బయటపడింది. కుడి పక్క చీము పట్టి వెల్లూరులో ఆపరేషన్ అయింది. టీబీ మందులు ముగిసి ఐదు నెలలు. ఈలోగా అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పోయింది. అప్పు ఐదున్నర లక్షలు, అందులో మూడు లక్షలు నోటు మీద మూడు రూపాయల వడ్డీకి, రెండున్నర లక్షలు నగలు కుదువ పెట్టి రెండు రూపాయల వడ్డీకి. కొత్త వీసాకు ఏజెంటు లక్షా ఎనభై వేలు అడుగుతున్నాడు. ఆయనకు కుదరకపోతే 28 ఏళ్ల మీరే ఇంటిపనికి పోవాలనుకుంటున్నారు. ఆ లక్షా ఎనభై వేలు సాయంగా ఇచ్చే ట్రస్టుగానీ ప్రభుత్వ పథకంగానీ ఉందా అన్నది మీ ప్రశ్న.

లేదు. ‘విదేశం పోవడానికి’ అని అడిగితే ఇచ్చే పథకం మన దగ్గర లేదు. కానీ ఆస్పత్రి ఖర్చుకు ఇచ్చేవాళ్లు ఉన్నారు. వడ్డీ భారం తగ్గించుకునే దారులున్నాయి. మీ ఆయనకు కువైట్ నుంచే రావాల్సిన డబ్బు కూడా ఉండొచ్చు, దాని ఊసు మీరెక్కడా ఎత్తలేదు. ఒక్కో ఖర్చును విడదీసి, దానికి తగినవాళ్ల దగ్గర అడిగితే పని జరుగుతుంది. అన్నీ కలిపి ‘మా కష్టాలు తీరాలంటే కువైట్ పోవాలి, సాయం చేయండి’ అంటే అయ్యో అనేవాళ్లే తప్ప ఇచ్చేవాళ్లు దొరకరు.

అయితే డబ్బు సంగతికి ముందు ఎక్స్‌రే సంగతి తేలాలి.

గల్ఫ్ దేశాలకు పనికి పోయేవాళ్లకు చేసే మెడికల్‌ను పాతవాళ్లు గాంకా అంటారు, ఇప్పుడు వాఫిద్. అందులో టీబీ నిబంధన చాలా కఠినం. ఇప్పుడు టీబీ ఉందా లేదా అన్నదొక్కటే కాదు, ఎప్పుడో వచ్చి నయమైన టీబీ మచ్చ కనబడినా అన్‌ఫిట్ చేస్తారు. ఎక్స్‌రే రిపోర్టులో ఫైబ్రోసిస్, కాల్సిఫికేషన్, ప్లూరల్ థికెనింగ్ అనే మూడు మాటల్లో ఏది కనబడినా ఇబ్బందే. మీ ఆయనకు చీము పట్టి ఆపరేషన్ అయిందంటే ఊపిరితిత్తి పైపొర మందమై ఉండే అవకాశం ఎక్కువ. మనిషి బాగా కోలుకుని పొలం పని చేసుకుంటున్నా ఎక్స్‌రేలో ఆ గుర్తు ఉండిపోతుంది. మందులు పూర్తయ్యాయని డాక్టరు రాసిచ్చే సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు.

కాబట్టి వాఫిద్ బుక్ చేయకముందే మామూలు డిజిటల్ ఎక్స్‌రే తీయించండి. ఊళ్లో తీయిస్తే కొన్ని వందల రూపాయలతో పోతుంది. దాన్ని తిరుపతి రుయాలోనో స్విమ్స్‌లోనో ఊపిరితిత్తుల విభాగంలో చూపించండి. ‘నయమైందా సార్’ అని అడగొద్దు, నయమైందనే చెబుతారు. ‘గల్ఫ్ మెడికల్‌కు పోవాలి, ఎక్స్‌రేలో పాత టీబీ గుర్తు కనబడుతోందా, కనబడితే అది ఇంకా తగ్గే అవకాశం ఉందా’ అని అడగండి. వెల్లూరు డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ ముందూ తర్వాతా తీసిన ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. పొర మందం కొందరికి నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది. డాక్టరు ఇంకొంతకాలం ఆగమంటే ఆగడమే లాభం. వాఫిద్‌లో ఒకసారి అన్‌ఫిట్ పడితే అది ఆ వ్యవస్థలో నమోదైపోతుంది. కువైట్ కాకపోతే ఖతార్ అని ఇంకోచోట ప్రయత్నించినా అదే అడ్డు వస్తుంది.

ఏజెంటు ఇక్కడే ఒక మాట అంటాడు, ‘మెడికల్ మేం మేనేజ్ చేస్తాంలే’ అని. వేరే మనిషి ఎక్స్‌రే పెట్టడమో, సెంటరులో ఎవరికో డబ్బివ్వడమో చేస్తారు. ఇక్కడ ఎలాగో గట్టెక్కినా, కువైట్‌లో దిగాక అకామా కొట్టేముందు అక్కడి ప్రభుత్వం మళ్లీ ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు చేస్తుంది. అందులో దొరికితే వెనక్కి పంపేస్తారు. ఏజెంటుకిచ్చిన డబ్బు తిరిగిరాదు, దాని మీద వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అప్పుల్లో ఉన్న కుటుంబాలు నిలువునా మునిగేది ఎక్కువగా ఇలాగే. అందుకే ఎక్స్‌రే చూసుకోకుండా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వొద్దంటున్నాను.

ఇక ఆ లక్షా ఎనభై వేలు. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు మనిషి దగ్గర తీసుకోగలిగే సర్వీసు ఛార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. అదీ రసీదు ఇచ్చి. ఇంటి డ్రైవరు వీసా, అంటే మనవాళ్లనే ఇరవై నంబరు వీసా, దాని ఖర్చూ టికెట్టూ కఫీలు పెట్టుకోవాలి. మీరు పెట్టుకునేవి పాస్‌పోర్టు రెన్యువల్ 1,500, పోలీసు క్లియరెన్సు 500, ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 లేదా మూడేళ్లకు 375, మెడికల్ ఫీజు, మద్రాసుకు రానుపోను ఛార్జీలు. అన్నీ కలిపినా అరవై వేలు దాటకూడదు. మిగతా లక్షా ఇరవై వేలు ఎందుకో ఏజెంటును కాగితం మీద రాసిమ్మనండి. రాయడు. ‘వీసా కొన్నాం’ అంటాడు. వీసా అమ్ముకోవడం నేరం. ఆ లెక్కన వచ్చేది చాలాసార్లు ఆజాదు వీసా, అంటే పేరుకు ఒక కఫీలు, పని వెతుక్కోవాల్సింది మీరే. అలా పోయినవాళ్లు ఏడాది తిరక్కుండానే ఖల్లివల్లి, అంటే సరైన కాగితాలు లేనివాళ్లు, అయిపోతారు. అప్పుడు జబ్బు చేస్తే ఆస్పత్రికి పోవడానికి కూడా భయపడాలి. ఊపిరితిత్తి ఆపరేషన్ అయిన మనిషి తలకెత్తుకోవాల్సిన ప్రమాదం కాదది.

ఏజెంటు లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితాలో కనబడాలి. మన జిల్లాల్లో ఊరూరా తిరిగేవాళ్లలో చాలామంది సబ్ ఏజెంట్లు, వాళ్లకు లైసెన్సు ఉండదు. ‘మా సారుది హైదరాబాదు ఆఫీసు, వాళ్లకుంది’ అంటే ఆ ఆఫీసు పేరు, లైసెన్సు నంబరు తీసుకుని, ఆ ఆఫీసు బ్యాంకు ఖాతాకే డబ్బు వేస్తామని చెప్పండి. సబ్ ఏజెంటు సొంత ఫోన్‌పేకు వేయమంటే అక్కడితో ఆపేయండి. అనుమానమొస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు చేయాలంటే హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి రాయాలి.

పాస్‌పోర్టు గురించి ఒక మాట. పది పాసు కానివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న ముద్ర ఉన్న పాస్‌పోర్టు, ఉంటుంది. కువైట్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. మూడేళ్లకు మించి విదేశంలో ఉన్నవాళ్లు ఆ ఈసీఆర్ తీయించుకోవచ్చు కాబట్టి మీ ఆయనకు ఆ అర్హత ఉంది. ‘తీయించేయండి, పని సులువవుతుంది’ అని ఏజెంటు తొందరపెడతాడు. నా మాట వింటే ఇప్పుడే తీయించొద్దు. క్లియరెన్సు ఉందంటే కాంట్రాక్టు, జీతం, కఫీలు పేరు ప్రభుత్వ రికార్డులో ఉన్నట్టే. జీతం ఎగ్గొట్టినా, ఒంట్లో బాగాలేకపోయినా ఎంబసీలో చూపడానికి చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఇప్పుడు మీరు పోవడం గురించి. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండకపోతే ఆ 18 దేశాలకు ఇంటిపని కోసం క్లియరెన్సు ఇవ్వరు. 30 దాటినా ప్రైవేటు ఏజెంటు ద్వారా కాదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. మీకు 28 కాబట్టి ఇప్పుడు చట్టప్రకారం దారి లేదు. ‘విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో పోయి, అక్కడి నుంచి కువైట్ మార్పిస్తాం’ అంటారు. ఆ దారిలో పోయిన ఆడమనిషి వివరాలు మన ప్రభుత్వ రికార్డులో ఎక్కడా ఉండవు. బీమా ఉండదు, కాంట్రాక్టు ఉండదు, ఏ ఇంట్లో ఉందో ఇంట్లోవాళ్లకు కూడా తెలియని పరిస్థితి వస్తుంది. వయసు పెంచి పాస్‌పోర్టు చేయిస్తామన్నా ఒప్పుకోకండి, తర్వాత కేసు పడేది మీ మీదే.

డబ్బు సంగతికి వస్తే, మీరు వదిలేసిన రాబడి ఒకటుంది. కువైట్‌లో ఇంటిపనివాళ్ల చట్టం 2015లో వచ్చింది, 68వ నంబరు చట్టం. ఇంటి డ్రైవర్లూ దాని కిందికే వస్తారు. కాంట్రాక్టు ముగిసినప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం సర్వీసు డబ్బుగా ఇవ్వాలని అందులో ఉంది. ఎనిమిదేళ్లు ఒకే కఫీలు అన్నారు. జీతం 120 దినార్లు అనుకుంటే 960 దినార్లు. దినారు 280 రూపాయల లెక్కన చూసినా రెండు లక్షల అరవై ఎనిమిది వేలు. ఏజెంటు అడిగేదానికన్నా ఎక్కువ! సెలవుకు వచ్చి జబ్బుపడి ఆగిపోయినవాళ్లలో చాలామంది ఈ డబ్బు అడగనే అడగరు. ముందు కఫీలుకు మర్యాదగా ఫోన్ చేయించండి. ఎనిమిదేళ్లు తన ఇంట్లో బండి నడిపిన మనిషికి ఆపరేషన్ అయిందని తెలిస్తే చాలామంది ఎంతోకొంత పంపుతారు. పంపకపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. కువైట్‌లోని ఇండియన్ ఎంబసీకి, అక్కడి ఇంటిపనివాళ్ల కార్మిక విభాగానికి విషయం చేరాలి. అకామా కాపీ, సివిల్ ఐడీ కాపీ, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలు, జీతం పంపిన ఎక్స్ఛేంజి రసీదులు కావాలి. ఆయన తరఫున అక్కడున్న బంధువు వెళ్లి అడగాలంటే నోటరీ చేయించి, విదేశాంగ శాఖ, కువైట్ ఎంబసీ అటెస్ట్ చేసిన పవరాఫ్ అటార్నీ పంపాలి. ఆలస్యమయ్యే కొద్దీ హక్కు బలహీనపడుతుంది కాబట్టి మొదలుపెట్టాల్సిన పని ఇదే. పాత కఫీలే మళ్లీ పిలుచుకుంటానంటే ఇంకా మంచిది, ఏజెంటుతో పనే లేదు.

జబ్బు ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. దరఖాస్తు మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పోతుంది. డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఆస్పత్రి సంతకంతో ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ వైద్యం, ఆ ఖర్చు అవసరమేనని రాసిచ్చే కాగితం), ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ కావాలి. జనం పొరపాటు చేసేది ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ దగ్గరే. డిశ్చార్జి రోజే అడిగితే అరగంట పని, నెలల తర్వాత పోతే రికార్డు సెక్షన్ చుట్టూ తిరగాలి. మీరు తీసుకోలేదు కాబట్టి వెల్లూరుకు ఒక రోజు కేటాయించుకోండి, పేషెంటు నంబరు కార్డు మరవొద్దు. ఒరిజినల్ బిల్లులు ఇచ్చేముందు మూడు సెట్లు జిరాక్సు తీసుకోండి. ఇచ్చినవి తిరిగిరావు, దాతలు అడిగితే చూపడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. బిల్లు మొత్తం రాదు, కొంత భాగమే మంజూరవుతుంది. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు, దాన్ని నమ్ముకుని ఎవరికీ తేదీ చెప్పకండి. మధ్యలో ‘పని చేయిస్తాం, పర్సెంటేజీ ఇవ్వండి’ అనేవాళ్లు తగులుతారు. ఈ దరఖాస్తుకు రూపాయి ఖర్చు లేదు.

టీబీ రోగికి మందులు వాడినంతకాలం నిక్షయ్ పోషణ్ కింద నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడాలి, 2024 నవంబరుకు ముందు అది 500. ప్రైవేటు ఆస్పత్రిలో వైద్యం చేయించుకున్నా పేరు నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ టీబీ రోగుల నమోదులో, ఎక్కి ఉంటే వస్తుంది. మీకు వచ్చిందో లేదో పాస్‌బుక్కు ఎంట్రీ వేయించి చూడండి. రాకపోతే మీ మండలం టీబీ సూపర్‌వైజరును అడగండి, ఆధార్‌కు ఖాతా లింకు కాక ఆగిపోయినవి చాలా ఉంటాయి. చిన్న మొత్తమే, కానీ మీది.

టీటీడీని అడగొచ్చా అని కూడా రాశారు. శ్రీవేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టు పేద రోగుల గుండె, మెదడు, కిడ్నీ, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బుల వైద్యానికి సాయం చేస్తుంది. అది స్విమ్స్ వంటి తమ ఆస్పత్రుల్లో జరిగే వైద్యానికి, ఆస్పత్రికే అందే డబ్బు. వెల్లూరులో అయిపోయిన ఆపరేషన్‌కు, ప్రయాణానికి అక్కడ పుట్టదు.

ఆన్‌లైన్ చందాల సైట్లు మిలాప్, కెట్టో వంటివి జరగబోయే వైద్యానికి బాగా పనిచేస్తాయి. ఆస్పత్రి ఎస్టిమేటు అడుగుతాయి, డబ్బు చాలాసార్లు నేరుగా ఆస్పత్రికే పంపుతాయి. తీరిపోయిన జబ్బు, మిగిలిన అప్పు, పోవాల్సిన దేశం అన్న కథకు అక్కడ స్పందన తక్కువ. మీ విషయంలో పలికేది ముక్కూమొహం తెలిసినవాళ్లే: ఆయనతో కువైట్‌లో ఒకే గదిలో ఉన్నవాళ్లు, మీ మండలం నుంచి అక్కడున్నవాళ్ల వాట్సాప్ గ్రూపులు, ఆయన క్లాసుమేట్లు. వాళ్లను కూడా వీసాకు అడగొద్దు, ఆస్పత్రి అప్పుకే అడగండి. సందేశం ఇలా ఉంటే చాలు:

‘ఫలానా ఊరు, ఫలానా వారి అబ్బాయి, కువైట్‌లో ఎనిమిదేళ్లు డ్రైవరుగా చేశాడు. ఊపిరితిత్తికి చీము పట్టి వెల్లూరులో ఆపరేషన్ అయింది, ఇప్పుడు కోలుకున్నాడు. ఆస్పత్రికి మొత్తం ఇంత అయింది. మేం సొంతంగా ఇంత కట్టుకున్నాం. నోటు మీద తెచ్చిన మూడు లక్షలకు నెలకు తొమ్మిది వేలు వడ్డీ కడుతున్నాం. ఆ అసలులో లక్ష తీర్చడానికి సాయం అడుగుతున్నాం. బిల్లులు చూడాలంటే చూపుతాం. ఎవరు ఎంత ఇచ్చారో, నోటు మీద ఎంత చెల్లు పడిందో నెలాఖరున ఇదే గ్రూపులో పెడతాం.’

ఇందులో ముఖ్యం ఆ చివరి వాక్యం. చెప్పినట్టు నిజంగా పెట్టండి, పెట్టాక రెండో విడత అడగకుండానే వస్తుంది. మొత్తం ఐదున్నర లక్షలూ అడిగితే మనిషి తనిచ్చే వెయ్యి ఏ మూలకని వెనకాడతాడు. లక్ష అంటే వందమంది తలా వెయ్యి. ఆధార్, పాస్‌పోర్టు ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దు. బిల్లు పెడితే పేషెంటు నంబరు, ఫోను నంబరు చెరిపి పెట్టండి. మంచం మీద పైపులతో ఉన్న ఫొటో కూడా వద్దనే అంటాను. రేపు ఆయన పనికి పోవాల్సిన మనిషి, ఆ ఫొటో కఫీలు దాకా పోతుంది.

డబ్బు మీ ఇద్దరిలో ఒకరి ఖాతాకే రావాలి, ఊరి లీడరు ఖాతాకో ఏజెంటు ఖాతాకో కాదు. భారత పౌరులు కువైట్‌లో తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళాల చట్టం అడ్డు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు దగ్గరి బంధువులైతే ఏడాదికి పది లక్షల వరకు ప్రభుత్వానికి తెలియజేయకుండానే పంపొచ్చు, బంధువు కాకపోతే మీ ఖాతాకు నేరుగా తెప్పించుకోకండి. పన్ను లెక్కలో బంధువులు కానివాళ్లు ఇచ్చినది ఏడాదికి మొత్తం 50,000 దాటితే అదంతా ఆదాయం కింద లెక్క. మేనమామ, పెదనాన్న, అత్త ఇస్తే ఆ లెక్కలోకి రాదు. మేనమామ కొడుకు ఇస్తే వస్తుంది! మీ మొత్తం ఆదాయం పన్ను పరిమితి దాటదు కాబట్టి కట్టాల్సింది ఉండదు, కానీ ఎవరెంత ఇచ్చారన్న పుస్తకం దాచండి. ముక్కూమొహం తెలియనివాళ్లు ‘మీ ఖాతాకు లక్ష వేస్తాం, ఇరవై వేలు ఉంచుకుని మిగతాది తిప్పి పంపండి’ అంటే అది సైబర్ దొంగల డబ్బు. ఖాతా ఫ్రీజ్ అయి మీ సొంత డబ్బు కూడా ఇరుక్కుంటుంది.

‘జబ్బుపడి కోలుకున్నవాళ్లకు కెనడా సంస్థ వలస గ్రాంటు’ అని మీకొచ్చిన మెసేజి కూడా అదే జాతి. అసలు విషయం దానికి తలకిందులు. కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు వలస వచ్చే మనిషి వైద్యానికి తమ ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుందో లెక్కవేసి, హద్దు దాటితే వీసా నిరాకరిస్తాయి. జబ్బు చేసిందని డబ్బిచ్చి పిలుచుకునే దేశం లేదు. జబ్బు, అప్పు చూపి శరణార్థిగా ఉండిపోవచ్చని చెప్పేవాళ్లనూ నమ్మకండి, శరణు అడగాలంటే ప్రాణానికి హింస భయం ఉండాలి. బ్రిటన్‌లో కేర్ వర్కర్ పని ఇప్పిస్తామని ఆరేడు లక్షలు అడిగేవాళ్లకు చెప్పండి, బయటి దేశాల నుంచి ఆ కొలువుల భర్తీని 2025 జులై 22 నుంచి ఆపేశారని. కంబోడియా, లావోస్, మయన్మార్ డేటా ఎంట్రీ ఉద్యోగాలు మనుషుల్ని బంధించి సైబర్ మోసాలు చేయించే చోట్లు. ఇప్పటికే ఎవరికైనా ప్రాసెసింగ్ ఫీజు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉండగా ఆపగలిగే వీలు మొదటి గంటల్లోనే.

ఎంబసీల్లో ఉండే భారతీయ సమాజ సంక్షేమ నిధి గురించి కూడా అడిగారు. అది విదేశంలో చిక్కుకుపోయినవాళ్లను ఇంటికి పంపడానికి, అక్కడ ఆస్పత్రి పాలైనవాళ్లను ఆదుకోవడానికి. ఇక్కడి నుంచి పోవడానికి కాదు.

అప్పు దగ్గర ఒక లెక్క చూడండి. నోటు వడ్డీ నెలకు 9,000. నగల వడ్డీ 5,000. ఏజెంటు కోసం మళ్లీ మూడు రూపాయలకు లక్షా ఎనభై వేలు తెస్తే ఇంకో 5,400. మొత్తం 19,400. ఆయన 120 దినార్లు సంపాదిస్తే చేతికొచ్చేది సుమారు 33,600. వడ్డీలు పోను 14,200 మిగులుతుంది, అందులో ఆయన తిండి, ఫోను, ఇక్కడ మీ ఇల్లు, పిల్లల బడి. అసలు తీరేదెప్పుడు? అందుకే పోయేముందే వడ్డీ రేటు దించుకోవాలి.

అన్నిటికన్నా సులువైనది నగలు. సేటు కొట్టులో రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. బ్యాంకు గోల్డ్ లోను పది శాతం లోపు దొరుకుతుంది. రెండున్నర లక్షల మీద ఏడాదికి 35,000 దాకా మిగులుతుంది. చిక్కల్లా విడిపించడానికి ఒక రోజు డబ్బు చేతిలో ఉండాలి. ఒకేసారి అక్కర్లేదు, ఒక్కో సొత్తు విడిపించి బ్యాంకులో పెట్టి, ఆ డబ్బుతో రెండోది విడిపించండి. మీరు పొదుపు సంఘంలో ఉన్నారన్నారు. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు మూడు లక్షల వరకు 7 శాతానికే వస్తుంది. అది సంఘం మొత్తానిది కాబట్టి మీ వాటా ఎంతో లీడరుతో మాట్లాడి, దాన్ని నోటు అసలుకే కట్టండి. వీసాకు వాడొద్దు.

నోటు విషయంలో, కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించి తేదీ వేయించుకోండి. వడ్డీ చేతికిచ్చి వచ్చేస్తే రేపు కోర్టులో ఆధారం ఉండదు. విదేశం పోతున్నారని తెలియగానే అప్పిచ్చినవాళ్లు కొత్త నోటు, ఖాళీ చెక్కులు, లేదా ఇంటి స్థలానికి సేల్ అగ్రిమెంటు అడుగుతారు. నోటు తిరగరాస్తే పాతది చించించి ముక్కలు మీరు తీసుకోండి, అంకె ఖాళీ వదలొద్దు. ఖాళీ చెక్కు ఇస్తే ఆయన కువైట్‌లో ఉండగా చెక్‌బౌన్స్ కేసు వేస్తారు. హాజరుకాకపోతే వారెంటు, ఆ తర్వాత పాస్‌పోర్టు రెన్యువల్‌కు చిక్కు. సేల్ అగ్రిమెంటూ జీపీఏ అసలే వద్దు, అప్పుకు హామీగా రాసిన కాగితం అమ్మకపు కాగితమై కూర్చుంటుంది. తప్పనిసరైతే తనఖా అనే పేరుతోనే రిజిస్టరు చేయించండి. మీ ఎకరా డి.కె.టి. పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమి, అన్నారు. దాన్ని ప్రైవేటు మనిషికి రాసివ్వడానికి 1977 అసైన్డు భూముల చట్టం అడ్డుంది, సంతకం చేసేముందు తహసీల్దారు ఆఫీసులో విచారించుకోండి.

ఎక్స్‌రే బాగుందని తేలి ప్రయాణం ఖాయమైతే రెండు జాగ్రత్తలు. ఛాతీ ఆపరేషన్ తర్వాత నరాల నొప్పికి ప్రీగాబలిన్, నొప్పికి ట్రమడాల్ వాడుతుంటారు. గల్ఫ్‌లో ఇవి నియంత్రిత మందులు, బ్యాగులో దొరికితే జైలు దాకా పోతుంది. పోయే రెండు మూడు నెలల ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి, మిగతా మందులకు ప్రిస్క్రిప్షన్ వెంట ఉండాలి, స్ట్రిప్పుల నుంచి విడదీయొద్దు. రెండోది, అక్కడ పనిలో చేరాక ఎన్ఆర్ఈ ఖాతా (విదేశంలో ఉండేవాళ్ల బ్యాంకు ఖాతా) తెరిచి, దాన్ని ఇక్కడ నడిపే అధికారం, అంటే మాండేట్, మీకు ఇప్పించండి. హుండీలో, అంటే బ్యాంకు లేకుండా మనుషుల చేతుల మీదుగా, పంపితే రేపు సర్వీసు డబ్బు అడగాల్సి వస్తే జీతం రుజువు ఉండదు.

ఎక్స్‌రే బాగాలేకపోతే గల్ఫ్ ఆలోచన మానుకోవాలి, మలేషియా, సింగపూర్ కూడా టీబీ పరీక్ష లేకుండా పని పర్మిట్ ఇవ్వవు. అప్పుడు ఆ అరవై వేలు ఇక్కడే పెట్టండి. ఎనిమిదేళ్ల డ్రైవింగు చేతిలో ఉన్న మనిషికి తిరుపతి ట్యాక్సీ పని, శ్రీసిటీ కంపెనీల స్టాఫ్ బస్సు పని దొరక్కపోవు. హెవీ లైసెన్సు లేకపోతే ముందు అది చేయించండి, పొగ దుమ్ములో తిరిగే టిప్పరు పని మాత్రం ఆ ఊపిరితిత్తికి వద్దు. సొంత బండికైతే ముద్ర లోను కిషోర్ విభాగంలో ఐదు లక్షల వరకు ఉంది. అయితే పాత నోటు వడ్డీ మూడు రూపాయల దగ్గరే ఉండగా కొత్త ఈఎంఐ తలకెత్తుకోకండి, బండి మొదటి ఏడాదే ఫైనాన్సువాళ్లు తీసుకుపోతారు. నగలు బ్యాంకుకు మార్చి, నోటు అసలు సగానికి దించాకే షోరూముకు పోండి.